నూట అరవై ఎకరాలకి తాళం

అమెరికాలో పడమటి పచ్చిక బయళ్ళకి జనం కొండలు చూడటానికో, పాత గనులు చూడటానికో, గుర్రమెక్కి ఫోటో దిగడానికో వెళ్తారు. మేం ముగ్గురం మాత్రం మా సొంత పొలం ఎలా ఉంటుందో చూసుకుందామని వెళ్ళాం. కొని అప్పటికి నాలుగు నెలలు. చూడటం అదే మొదలు.

చూడకుండా కొన్నారంటే మా వాళ్ళకి కోపం వస్తుంది. ఇంటర్నెట్‌లో నాలుగు ఫోటోలు చూశారు. ఒకదాంట్లో సూర్యాస్తమయం, రెండోదాంట్లో జింక, మూడోదాంట్లో కాస్త పక్కనుంచి అదే సూర్యాస్తమయం, నాలుగోదాంట్లో గాలిమర. కొలరాడో రాష్ట్రానికి ఆగ్నేయ మూల, నూట అరవై ఎకరాలు, టెక్సాస్‌లో మేముండే ప్లేనోలో కారు షెడ్డు కూడా రాని ధర. "క్లియర్ టైటిల్ అట సరోజా" అన్నారు మా ఆయన మురళి. ఆ రెండు మాటలు విన్నప్పుడు మన మగవాళ్ళ ముఖంలో వచ్చే వెలుగు పెళ్ళిచూపుల్లో కూడా రాదు. నాకు తెలుసు, మా పెళ్ళిచూపుల్లో చూశాను.

ఇందులో భాగస్వామి మా ఆయన స్నేహితుడు వెంకటరెడ్డి అన్నయ్య. నల్గొండ మనిషి. టెక్సాస్‌లో రోడ్ల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మొదటి ఉద్యోగం జీతంతో హైదరాబాద్ శివార్లలో ఐదు వందల గజాలు కొని, గోడ కట్టించి, గేటుకి తాళం వేసి వచ్చాడు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా చూసుకునేవాడు. ఒకసారి వెళ్ళేసరికి తాళం పగిలి ఉంది, లోపల మూడంతస్తుల ఇల్లు లేచి ఉంది, మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. కబ్జా చేసినవాళ్ళు మర్యాదస్తులు. ఆయన స్థలంలోనే ఆయనకి కుర్చీ వేసి టీ ఇచ్చారు. కేసు ఇప్పటికీ నడుస్తోంది. అప్పటినుంచి అన్నయ్యకి ఒకటే పట్టుదల. ఇంకెవడూ లాక్కోలేని నేల ఒక ముక్క తన పేరున ఉండాలి. ఈ ప్రయాణంలో మేం చేసిన తెలివితక్కువ పనులన్నిటికీ మూలం అదే కాబట్టి ముందే చెబుతున్నాను.

ప్లేనో: డిక్కీలో సామాను

జూన్ నెలలో ఒక శనివారం ఉదయం బయల్దేరాం. అన్నయ్య భార్య భారతి వదిన మోకాలికి ఆపరేషన్ అయింది కాబట్టి ఇంట్లోనే ఉండిపోయింది. నేను పులిహోర, పెరుగు, ఆవకాయ సర్దాను. అన్నయ్య డిక్కీలో సర్దినవి వేరు. నాలుగు హద్దు రాళ్ళు, వాటికి పసుపు రంగు. కొలతల టేపు. రెండు కొబ్బరికాయలు. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న ఇత్తడి తాళం, పసిపిల్ల తలంత. ఇనుప గొలుసు. పెద్ద రేకు బోర్డు. దాని మీద ఇద్దరి పేర్లు, ఇంగ్లీషులో హెచ్చరిక, దాని కింద తెలుగులో "ఈ స్థలము అమ్మబడదు" అని.

"అన్నయ్యా, కొలరాడోలో తెలుగు ఎవరు చదువుతారు?" అని అడిగాను.

"కబ్జా చేసేటోడు మనోడే అయితడు చెల్లె. ఎందుకైనా మంచిది" అన్నాడు.

మా ఆయన చేతిలో వేరే కాగితం ఉంది. వెంచర్ లేఅవుట్. నూట అరవై ఎకరాల్లో నలభై ప్లాట్లు, ఒక క్లబ్ హౌస్, ఈశాన్యంలో గుడి, ప్రతి ఇంటికీ నాలుగు మామిడి చెట్లు. పేరు కూడా పెట్టేశారు, శ్రీ వెంకటాద్రి రాకీ వ్యూ, ఫేజ్ వన్. ఆ ఊళ్ళ వైపు ఆరు నెలలు మంచు పడుతుందని నేను గుర్తుచేస్తే "వెరైటీ చూసి వేసుకోవాలి" అన్నారు.

ఆమరిల్లో: శనివారం జబ్బు

ఆరు గంటలు డ్రైవ్ చేసి ఆమరిల్లో చేరాం. ఇది ఆవుల ఊరు. పొట్టిగడ్డి తప్ప ఏమీ మొలవని ఈ మైదానాల్లోకి పశువుల్ని తోలుకొచ్చి ఊళ్ళు కట్టినవాళ్ళ మునిమనవలు ఇప్పుడు అదే సంగతిని టికెట్ పెట్టి చూపిస్తున్నారు. హోటల్ గోడ మీద పశువుల్ని పట్టే ఉచ్చు తాళ్ళు, జీనులు, కొమ్ములు. మధ్యలో వేదిక. గంటలో రెండు కిలోల మాంసం తినగలిగితే భోజనం ఉచితమట. ఒకాయన వేదికెక్కి తింటున్నాడు, చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు. మన పెళ్ళిళ్ళలో వద్దన్నా వినకుండా కొసరి వడ్డించేవాళ్ళు గుర్తొచ్చి ఆయన మీద జాలేసింది.

మా ఆయన శనివారం మాంసం ముట్టరు. ఉడికించిన బంగాళదుంప ఒక్కటి చాలన్నారు. వడ్డించే అమ్మాయికి అది అర్థం కాలేదు. డైట్ అండీ అంది, కాదన్నారు. పూర్తి శాకాహారులా అంది, కాదు నిన్న చికెన్ తిన్నానన్నారు. మరి ఏమిటి సమస్య అంది. "ఈ రోజు శనివారం" అన్నారు. ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి వంటగదికి పంపే చీటీ మీద ఎలర్జీ అనే గడిలో "శనివారం" అని రాసుకుపోయింది. బంగాళదుంప పద్నాలుగు డాలర్లు. దాని పక్కన మా ఆవకాయ పెట్టుకుంటే గానీ గొంతు దిగలేదు.

క్లేటన్: అద్దాల చట్రంలో ముళ్ళతీగ

మరుసటి రోజు న్యూ మెక్సికో దారి పట్టాం. దారిలో వేలాది ఆవుల్ని ఒకచోట కట్టి మేపే దొడ్లు. కిలోమీటర్ల మేర ఆ వాసన. మా ఆయన ముక్కుకి రుమాలు కట్టుకున్నారు. పెట్రోలు బంకులో మనిషి మమ్మల్ని చూసి నవ్వి, "మాకు ఇది డబ్బు వాసన" అన్నాడు.

క్లేటన్‌లో ఒక పాత సామాన్ల కొట్టు ఉంది. అక్కడ కంచెలకి వేసే ముళ్ళతీగని జానెడు, మూరెడు ముక్కలు చేసి మఖమలు గుడ్డ మీద పరిచి, అద్దాల చట్రాల్లో బిగించి అమ్ముతున్నారు. ముడి వేసిన తీరుని బట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో ధర. పన్నెండు డాలర్ల నుంచి మొదలు. కొట్టు పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. ఈ తీగ రాకముందు ఈ నేలంతా ఒకటేనట, ఎవరి పశువు ఎక్కడైనా మేసేదట. తీగ వచ్చాక పదేళ్ళలో దేశం గళ్ళ లుంగీ అయిపోయింది. తీగ వేసినవాళ్ళకీ, కోసినవాళ్ళకీ మధ్య తుపాకులు పేలాయట.

వెంకటరెడ్డి అన్నయ్య శ్రద్ధగా విని, "ఇది మీటర్ లెక్కన ఎంత పడుతది?" అని అడిగాడు. ఆ పెద్దాయన ఇది అలంకారానికండీ అన్నాడు. అన్నయ్యకి నచ్చలేదు. ముళ్ళతీగని పొలానికి వెయ్యకుండా గోడకి తగిలించుకునే జాతి బాగుపడదని కారెక్కాక తేల్చేశాడు.

ట్రినిడాడ్: పై పొర మీది

ట్రినిడాడ్ కొలరాడో గుమ్మంలో ఉంది. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. బొగ్గు పోయింది. ఇప్పుడు మెయిన్ స్ట్రీట్ పొడుగునా పచ్చ ప్లస్ గుర్తుల దుకాణాలు. మా ఆయన మందుల షాపు అనుకుని మోకాళ్ళ నొప్పికి ఏదైనా ఉందా అని ఒకదాంట్లోకి వెళ్ళారు. అది గంజాయి కొట్టు, ఆ రాష్ట్రంలో చట్టం ఒప్పుకున్నదే. ఫార్మసిస్టుగా ముప్పై ఏళ్ళు పనిచేసిన నేను బయట నిలబడి తల పట్టుకున్నాను. లోపల వాళ్ళకి మాత్రం మోకాళ్ళ నొప్పి కొత్త కాదు, ఒక చిన్న డబ్బా చేతిలో పెట్టి పంపించారు. రాసుకున్నారు, తగ్గింది. ఆ సంగతి ప్లేనోలో ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మోటెల్ నడిపేది ఒక గుజరాతీ ఆవిడ. బొగ్గు కోసం, ఆవుల కోసం, గోధుమల కోసం వచ్చినవాళ్ళంతా ఊళ్ళు వదిలేసి వెళ్ళిపోయాక ఆ ఊళ్ళలో దీపం ఆరిపోకుండా చూస్తున్నది వీళ్ళేనని నా అభిప్రాయం. ఆవిడ మాకు అల్లం టీ ఇచ్చి, దానికి డబ్బు తీసుకోలేదు. గదికి మాత్రం పైసా తగ్గించలేదు.

సోమవారం పొద్దున్నే భూమి రికార్డుల ఆఫీసుకి వెళ్ళాం. కౌంటర్‌లో ఒక పెద్దావిడ దస్తావేజు తెరిచి, చాలా మర్యాదగా, మాది ఏదో కానిదేదో చెప్పింది. పై పొర మాది. కింద ఉన్న ఖనిజాలు మాత్రం ఎప్పుడో ఒక కంపెనీ కొనేసింది, వాళ్ళు కావాలంటే వచ్చి తవ్వుకోవచ్చు. నీళ్ళు రాష్ట్రానివి. బోరు వేసుకుంటే ఇంటికి, పశువులకి వాడుకోవచ్చు, తోట మాత్రం ఒక్క ఎకరమే తడపాలి.

"నూట అరవైలో ఒకటా?" అన్నారు మా ఆయన. లేఅవుట్ కాగితాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఈ నూట అరవై అనే లెక్క ఎక్కడిదని నేను అడిగాను. వందేళ్ళకి పైమాట, ఇక్కడ జనాన్ని దింపడానికి ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి అంతే ఇచ్చేదట. ఇల్లు కట్టుకుని, దున్ని, ఐదేళ్ళు కాపురం ఉంటే పట్టా చేతికొచ్చేది. పౌరుడై ఉండక్కర్లేదు, అవుతానని ఒక సంతకం పెడితే చాలు. మా ప్లేనోలో ఇక్కడే పుట్టిన పిల్లలు కాలేజీకి వచ్చినా గ్రీన్ కార్డు రాని తండ్రులు ఉన్నారు. ఐదేళ్ళంట, పైగా పొలం కూడానంట. నాకు ఒళ్ళు మండింది. "అప్పటిదాకా ఆ నేల ఎవరిది?" అని కూడా అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మా రికార్డులు అక్కడినుంచే మొదలవుతాయి అంది.

మా భూమి

ఊరికి తూర్పున గంటన్నర. చివరి ఇరవై మైళ్ళు మట్టిరోడ్డు. ఎదురుగా వచ్చిన ప్రతి పికప్ డ్రైవరూ స్టీరింగ్ మీదనుంచి ఒక వేలు ఎత్తి పలకరించి పోయాడు. అది ఆ ప్రాంతం మర్యాద. "వీళ్ళకు మనం వచ్చినట్టు ముందే తెలిసింది" అన్నాడు అన్నయ్య.

నిజం చెప్పొద్దూ, కారు దిగగానే నాకు గుండె నిండిపోయింది. చుట్టూ పసుపు పచ్చ గడ్డి, నాలుగు దిక్కులా ఆకాశం, చెట్టు అన్నది లేదు, మనిషి అలికిడి లేదు. గాలి తప్ప చప్పుడు లేదు. ఇందులో ఎంత మాదో నాకు తెలియలేదు గానీ ఎంతో కొంత మాదే. మా ఆయన వంగి గుప్పెడు మట్టి తీసుకున్నారు. పల్నాటి రైతుబిడ్డ. వేళ్ళ మధ్య నలిపి చూశారు.

అన్నయ్య ఫోన్‌లో మ్యాప్ చూస్తూ హద్దులు నడిచాడు. మూలన గడ్డిలో సర్వే గుర్తుగా ప్రభుత్వం పాతిన ఇత్తడి బిళ్ళ దొరికింది. దానికి పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. మూడు వైపులా పాత కంచె బాగానే ఉంది. నాలుగో వైపు, పక్కవాళ్ళ పొలం వైపు, ఒక ఇనుప గేటు బార్లా తెరిచి ఉంది. ఫోటోలో చూసిన గాలిమర, దాని కింద అది తోడిపోసే నీళ్ళతో నిండిన తొట్టి. తొట్టి చుట్టూ గిట్టల గుర్తులు, పేడ. కనుచూపు మేరలో పశువు మాత్రం లేదు.

అన్నయ్య వంగి ఒక గిట్ట గుర్తు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"చూసినవా మురళీ. ఎవడో వాడుతుండు. ఇట్లనే మొదలయితది. ఫస్ట్ పశువులు, తర్వాత పాక, తర్వాత మూడంతస్తులు."

"పాపం నీళ్ళకి వచ్చి ఉంటాయిరా" అన్నారు మా ఆయన.

"నా దగ్గర కూడా ఫస్ట్ నీళ్ళకనే వచ్చిన్రు."

మా ఆయనే ముందు వెళ్ళి గేటు పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి గేటు మూశారు. తాళం పట్టుకున్నది నేనే. బరువుగా ఉందని రెండు చేతులా పట్టుకున్నాను. గొలుసు మూడు చుట్లు తిప్పి తాళం వేశాక అన్నయ్య దాన్ని నాలుగుసార్లు గుంజి చూశాడు. బోర్డు బిగించాం. దాని ముందు ముగ్గురం ఫోటో దిగాం. పులిహోర తిని ట్రినిడాడ్‌కి వెనక్కి వచ్చేశాం. చాలా రోజుల తర్వాత అన్నయ్య కారులో కునుకు తీశాడు.

బొగ్గు గని, ఒక ఫోన్

మంగళవారం తీరుబడిగా గని కార్మికుల మ్యూజియం చూశాం. ఎక్కడెక్కడి దేశాలనుంచో వచ్చినవాళ్ళు పాపం. జీతం డబ్బుల్లో కాక కంపెనీ బిళ్ళల్లో ఇచ్చేవారట, అవి కంపెనీ కొట్లో తప్ప చెల్లవు. ఇల్లు కంపెనీది, డాక్టరు కంపెనీ మనిషి. పనిలోంచి తీసేస్తే ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. మా ఆయన ఇదంతా చదివి "ఎంత అన్యాయం" అన్నారు. ఉద్యోగం పోతే వీసా రూలు ప్రకారం అరవై రోజుల్లో దేశమే ఖాళీ చెయ్యాల్సిన పిల్లలు మా వీధిలోనే నలుగురు ఉన్నారు. వాళ్ళ ఫోటోలు ఇంకా మ్యూజియంలోకి ఎక్కలేదు కాబట్టి మనకి అన్యాయంగా కనపడదు.

అప్పుడే భారతి వదిన ఫోన్. అన్నయ్య స్పీకర్‌లో పెట్టాడు.

"ఏమండీ, కొత్త స్కామ్ మొదలైంది, జాగ్రత్త. పొద్దున్నుంచి ఎవరో ముసలామె మూడుసార్లు కాల్ చేసింది. మీ పేరు చెప్తది. గేట్ అంటది, ఆవులు అంటది, నీళ్ళు అంటది. నేను ఒక్క డీటెయిల్ ఇయ్యలే, పెట్టేసిన. గొంతు మాత్రం ఏడ్చినట్టే పెట్టింది. మస్తు యాక్టింగ్."

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. బయట ఎండ మండిపోతోంది. నిన్న మధ్యాహ్నం వేసిన తాళం.

కారులో గంటన్నర సేపు ఇద్దరూ వాదించుకున్నారు. మా ఆయన, ముందు గేటు తియ్యి తర్వాత మాట్లాడదాం అంటారు. అన్నయ్య స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఒకటే మాట. "తీస్తే ఒప్పుకున్నట్టే అయితది. రేపు ఇన్నేళ్ళ సంది వాడుతున్న అని కోర్టుకు పోతది. నాకు ఇంకో కేసుకు ఓపిక లేదు మురళీ. నాకు అరవై తొమ్మిది. నేను చచ్చేలోపల ఆ హైదరాబాద్ కేసే తెమలదు." ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచిన నేను మూసుకున్నాను.

గేటు దగ్గర

దూరం నుంచే అరుపు వినపడింది. ఆవుల అరుపు నాకు కొత్త కాదు గానీ అన్నేసి ఆవులు కలిసి అలా అరవడం ఎప్పుడూ వినలేదు. గేటుకి అవతల గుంపుగా నిలబడి ఉన్నాయి. నాలుకలు బయట పెట్టి, మెడలు గేటు మీదుగా చాపి ఉన్నాయి. దూడలు వాటి కాళ్ళ సందుల్లో. ఇవతల ముప్పై గజాల్లో నిండు తొట్టి, వాటికి కనబడుతూనే ఉంది.

కాస్త పక్కన ఒక పాత పికప్. వెనక ప్లాస్టిక్ పీపా, దాంట్లోనుంచి గొట్టంతో ఒక రేకు తొట్టిలోకి నీళ్ళు వదులుతోంది ఒక ఆవిడ. సన్నగా, పొడుగ్గా, టోపీ పెట్టుకుని, నా కన్నా పదేళ్ళు పెద్దగా ఉంది. పేరు డోరతీ అని చెప్పింది. నిన్న సాయంత్రం నుంచి పన్నెండు మైళ్ళ అవతల ఇంటినుంచి మోస్తోందట. తన వైపు చెరువు ఈ ఏడు ఎండిపోయింది. ఒక పీపా గుంపులో సగానికి కూడా చాలదు. ముందు దూడలున్న తల్లులకి పెడుతున్నాను అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అన్నయ్య ఏదో ఒకటి మాట్లాడాలని, "మీకు ఎన్ని ఆవులున్నాయి?" అని అడిగాడు. అక్కడ అది అడగకూడని మాటని తర్వాత తెలిసింది. బ్యాంకులో ఎంతుందని అడిగినట్టు. మనం మొదటి పరిచయంలోనే జీతం అడిగేవాళ్ళం, మనకేం తెలుసు.

"దాహం వెయ్యడానికి సరిపోయేటన్ని" అంది డోరతీ.

తర్వాత తనే చెప్పింది. పాత యజమాని తండ్రికీ తన తండ్రికీ నోటి మాట మీద ఒప్పందమట. గాలిమర బాగుచేసేది వీళ్ళు, నీళ్ళు తాగేది వీళ్ళ పశువులు. పొలం అమ్మేశారని తనకి ఎవరూ చెప్పలేదు. నిన్న బోర్డు చూసి తెలుసుకుందట. పన్ను ఆఫీసులో చిరునామా అడిగి, నంబరు వెతికి ఫోన్ చేసిందట.

"ఇక్కడ గేటు ఎలా కనబడితే అలా వదిలి వెళ్తారు. తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి. మీకు తెలియదనుకుంటాను" అంది.

మాకు తెలిసింది ఒకటే, తెరిచిన గేటు కనబడితే తాళం వెయ్యడం.

అన్నయ్య ఆవిడ పికప్ వెనక చూస్తున్నాడు. అక్కడ కంచె పనిముట్లు, మూరెడు పొడుగు కటింగ్ ప్లయర్ ఉన్నాయి. ఆ గొలుసు ఆవిడకి ఒక్క నొక్కు పని.

"ఎందుకు కోసెయ్యలేదు?" అని అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"అది మీ తాళం కదా" అంది డోరతీ.

గొట్టం ఇంకో పక్కకి తిప్పింది. తర్వాత నేల చూస్తూ చెప్పింది. "మా తాత ఇక్కడికి వచ్చినప్పుడు మా చెరువు దగ్గర ఊట ఉండేదట. గొర్రెల వాళ్ళు, స్పానిష్ మాట్లాడేవాళ్ళు, దక్షిణం నుంచి వచ్చి నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఎన్ని తరాలనుంచో. తాతకి ప్రభుత్వం పట్టా ఇచ్చింది, ఆయన కంచె వేసి గేటు మూశాడు. వాళ్ళు రెండు రోజులు నిలబడ్డారట. ఆయన తియ్యలేదు. మూడో రోజు గొర్రెల్ని తోలుకుని వెళ్ళిపోయారు, సగం దారిలోనే పోయాయని విన్నాం. మా తాత ఇది గొప్పగా చెప్పేవాడు. మా నాన్న సిగ్గుపడుతూ చెప్పేవాడు. నేను ఎవరికీ చెప్పను. నిన్న రాత్రి మాత్రం గుర్తొస్తూనే ఉంది."

ఆ గొర్రెల వాళ్ళకన్నా ముందు ఏ ఆదివాసుల గుర్రాలు తాగేవో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆఫీసులో రికార్డులు ఎక్కడినుంచి మొదలవుతాయో నాకు తెలుసు.

వెంకటరెడ్డి అన్నయ్య గేటు దగ్గరికి వెళ్ళాడు. ఒక దూడ గేటు కమ్మీల్లోంచి మూతి పెట్టి ఆయన చొక్కా కొస నాకుతోంది. ఆయన జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. తాళం ఎండకి కాలుతోంది. రుమాలు చుట్టి తిప్పాడు. గొలుసు మూడు చుట్లూ విప్పాడు. గేటు పూర్తిగా తియ్యకముందే ఆవులు ఆయన్ని పక్కకి నెట్టి పరుగెత్తాయి. దుమ్ములో కాసేపు ఎవరూ కనబడలేదు. దుమ్ము తగ్గేసరికి తొట్టి చుట్టూ వీపులే, అరుపు లేదు, తాగే చప్పుడు తప్ప.

అంతటితో ఊరుకోకుండా అన్నయ్య గేటుని కీళ్ళనుంచి ఊడదీయబోయాడు. డోరతీ పరుగున వచ్చి ఆపింది. "అది ఉండనివ్వండి. చలికాలంలో ఆబోతుల్ని వేరు చెయ్యాలి, కావాలి నాకు" అంది. ఆయన నాలుక కరుచుకుని చేతులు తీసేశాడు.

ఆవిడ గొట్టం చుట్టి పికప్‌లో పడేసింది. ఎక్కబోతూ ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని అన్నయ్య ముందుకి వచ్చింది.

"ఈ గేటు ఇక మీదట తెరిచి ఉంచమంటారా, మూసి ఉంచమంటారా?"

"మీ ఇష్టం అమ్మా" అన్నాడు అన్నయ్య.

"నా ఇష్టం కాదు. నేల మీది. మీరు చెప్పాలి."

ఆవిడ టోపీ అలాగే పట్టుకుని జవాబు కోసం నిలబడింది. తొందరపెట్టలేదు. అన్నయ్య ఒకసారి మా వైపు చూశాడు, ఒకసారి తొట్టి వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"తెరిచే ఉంచండి."

డోరతీ తల ఊపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది. పికప్ కనుమరుగయ్యేదాకా అన్నయ్య ఆ మట్టిరోడ్డునే చూస్తూ ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దుమ్ము అని చెప్పుకోవచ్చు.

"అడిగింది చెల్లె" అన్నాడు. "నా జాగ గురించి నన్ను అడిగింది."